మింట్ ఇన్‌స్టాల్ చేస్తుంటే డిస్క్ లిస్ట్ ఖాళీగా వస్తోంది, బయాస్‌లో మాత్రం ఉంది

పాత_పెట్టె:
అందరికీ నమస్తే. చెల్లి కాలేజీ ప్రాజెక్ట్ కోసం సెకండ్ హ్యాండ్‌లో డెస్క్‌టాప్ ఒకటి తీసుకున్నాం, కోర్ టూ డుయో, 4 జీబీ ర్యామ్, 500 జీబీ సాటా డిస్క్, ఏదో ఆఫీసులో వాడి అమ్మేశారట. అందులో ఉన్న విండోస్ 7 మరీ స్లోగా ఉందని తీసేసి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేద్దామనుకున్నా. పెన్‌డ్రైవ్ నుంచి బానే బూట్ అవుతోంది, నెట్ కూడా వస్తోంది, కానీ ఇన్‌స్టాల్ నొక్కి పార్టిషన్ల దగ్గరకి వచ్చేసరికి లిస్ట్‌లో ఏమీ లేదు. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అవ్వగానే వచ్చే సెట్టింగ్స్‌లో) డిస్క్ పేరు కనిపిస్తోంది, విండోస్ మామూలుగానే ఓపెన్ అవుతోంది. కేబుల్ మార్చినా, వేరే పోర్ట్‌లో పెట్టినా అంతే. డీ డ్రైవ్‌లో చెల్లి ఫైల్స్ ఉన్నాయి, అవి పోకూడదు. ఏం చేయాలి?

సాటా_కేబుల్:
విండోస్ ఓపెన్ అవుతోందంటే డిస్క్‌కి ఏం కాలేదు బ్రో, కంగారు పడకు. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మింట్ లైవ్‌లోనే టెర్మినల్ తెరిచి ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk, డిస్కుల లిస్ట్ చూపించే కమాండ్) కొట్టు, తర్వాత దానికే మైనస్ ఎఫ్ పెట్టి ఇంకోసారి కొట్టు, ఏం వచ్చిందో ఇక్కడ పెట్టు. బయాస్‌కి కనిపించడం వేరు, కెర్నల్‌కి (లినక్స్ అసలు గుండెకాయ) కనిపించడం వేరు, ఇన్‌స్టాలర్‌కి కనిపించడం వేరు, ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

పాత_పెట్టె:
ఎస్‌డీఏ 465.8జీ అని వచ్చింది అన్నా, కింద ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 రెండూ ఎన్‌టీఎఫ్‌ఎస్. కానీ మైనస్ ఎఫ్ పెడితే ఎస్‌డీఏ పక్కన ఐఎస్‌డబ్ల్యూ_రెయిడ్_మెంబర్ అని ఉంది. బయాస్‌లో సాటా మోడ్ ఐడీఈ.

టెర్మినల్_తాత:
అదిగో, దొరికింది. ఆ డిస్క్ ఒకప్పుడు ఇంటెల్ రెయిడ్‌లో (కొన్ని డిస్కులని కలిపి ఒక్కటిగా వాడే పద్ధతి) ఉండేది, ఆ గుర్తు ఇంకా దాని మీదే ఉంది, అది చూసి ఇన్‌స్టాలర్ ఇది విడి డిస్క్ కాదు, రెయిడ్‌లో ఒక ముక్క అనుకుని పక్కన పెట్టేస్తోంది. ఈ సమాచారం డిస్క్ చిట్టచివర ఉంటుంది కాబట్టి విండోస్‌లో ఎన్నిసార్లు క్విక్ ఫార్మాట్ కొట్టినా పోదు, బయాస్‌లో మోడ్ మార్చినా పోదు.

ముందు చెల్లి ఫైల్స్ వేరే డిస్క్‌లోకి కాపీ చెయ్యి నాయనా, ఇది మాత్రం వదలొద్దు. తర్వాత పార్టిషన్లు అన్‌మౌంట్ చేసి సుడో వైప్‌ఎఫ్‌ఎస్ స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ (sudo wipefs /dev/sda, డిస్క్ మీది గుర్తులు చూపించే, చెరిపే కమాండ్) కొట్టు, వేరే ఆప్షన్ లేకపోతే అది చూపిస్తుందంతే, దేన్నీ చెరపదు. అందులో ఆ రెయిడ్ పేరు కనిపించాక, అదే కమాండ్‌కి మైనస్ ఏ, మైనస్ టీ పెట్టి ఆ పేరే ఇచ్చి, డబుల్ మైనస్ బ్యాకప్ కూడా కలిపి (sudo wipefs -a -t isw_raid_member --backup /dev/sda) కొట్టు. ఒక్క మైనస్ ఏ మాత్రమే కొడితే పార్టిషన్ టేబుల్ గుర్తు కూడా పోతుంది, అందుకే టైప్ పేరు తప్పనిసరి. డివైస్ బిజీ అంటే సుడో డీఎంరెయిడ్ మైనస్ ఏఎన్ (sudo dmraid -an, రెయిడ్‌ని ఆపేస్తుంది) కొట్టి మళ్ళీ ట్రై చెయ్యి.

ఇది చదివే మిగతావాళ్ళకి: రెండు డిస్కులు కలిసి రెయిడ్ 0 (డేటాని డిస్కుల మధ్య పంచే రకం) లో ఇప్పటికీ నడుస్తుంటే ఇది అస్సలు చేయొద్దు, డేటా రెండింటి మీదా ముక్కలుగా ఉంటుంది.

వయా_బోర్డు:
బయాస్‌లోనే డిస్క్ రాకపోతే అది వేరే గొడవ. వయా వీటీ8237 చిప్ ఉన్న పాత మదర్‌బోర్డులు 3 గిగాబిట్ స్పీడ్ సాటా డిస్కులని చాలాసార్లు గుర్తుపట్టవు, డిస్క్ వెనక జంపర్ పిన్నులుంటే వాటి మీద జంపర్ (చిన్న క్లిప్) పెట్టి 1.5 గిగాబిట్‌కి తగ్గించాలి, వెస్ట్రన్ డిజిటల్ పాత డిస్కుల్లో అయితే 5, 6 పిన్నుల మీద పెట్టాలి. జంపర్ లేని ఎస్ఎస్‌డీ అయితే విడిగా సాటా కార్డ్ కొనడమే మేలు. కెర్నల్‌కి స్పీడ్ తగ్గించమని చెప్పే ఆప్షన్ ఉంది కానీ బయాస్‌కే కనపడని డిస్క్ నుంచి బూట్ అవ్వాలంటే దాంతో లాభం లేదు.

పాత_పెట్టె:
వచ్చేసింది తాతగారూ! ఫైల్స్ కాపీ చేసి మీరు చెప్పినట్టే కొట్టి రీస్టార్ట్ చేశా, ఇప్పుడు ఇన్‌స్టాలర్‌లో రెండు పార్టిషన్లూ కనిపిస్తున్నాయి. డీ డ్రైవ్ అలాగే ఉంచి మింట్ వేయొచ్చా?

టెర్మినల్_తాత:
వేయొచ్చు. ఇన్‌స్టాలర్‌లో సంథింగ్ ఎల్స్ ఎంచుకుని ఎస్‌డీఏ1 ని మాత్రం ఎక్స్‌ట్4 గా (లినక్స్ వాడే ఫార్మాట్) ఫార్మాట్ చేసి రూట్‌గా (మింట్ కూర్చునే చోటు, / గుర్తు) పెట్టు, ఎస్‌డీఏ2 ఎదురుగా ఫార్మాట్ టిక్ లేకుండా చూసుకో. కింద బూట్‌లోడర్ (ఆన్ చేయగానే మింట్‌ని మొదలుపెట్టేది) దగ్గర ఎస్‌డీఏ అనే ఉండాలి, ఎస్‌డీఏ1 కాదు.