పంచ్ 6:53కి, జీతం 7:00 నుంచి: నిమిషాలు సర్దడం న్యాయమేనా?

పేరోల్_న్యూజెర్సీ:
ఇక్కడ ఒక చిన్న వృద్ధుల సంరక్షణ కేంద్రంలో లెక్కలు చూస్తాను. గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లు 14 మంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో పావుగంట రౌండింగ్ ఆన్ చేయమని మా ఓనరు గారు అడిగారు. అంటే పంచ్ కొట్టిన సమయం (వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు మిషన్‌లో నమోదు చేసే టైమ్) దగ్గరలో ఉన్న పావుగంటకు మారిపోతుంది. 7:07 అయితే 7:00, 7:08 అయితే 7:15. అమెరికా కేంద్ర ప్రభుత్వ (ఫెడరల్) రూల్ ఒప్పుకుంటుందని నాకూ తెలుసు. కానీ ఆ బటన్ నొక్కడానికి చెయ్యి రావడం లేదు. మిషన్‌కి నిమిషంతో సహా తెలిసినప్పుడు మనం ఎందుకు మార్చాలి? రెండు వైపుల వాళ్లూ చెప్పండి.

స్టోర్_ఓనర్_డాలస్:
ఓనర్లందరూ దొంగలన్నట్టు మాట్లాడతారని ముందే చెబుతున్నాను. మా దగ్గర 11 మంది ఉన్నారు. ఉదయం 6 గంటల షిఫ్ట్‌కి ఒకాయన 5:53కే పంచ్ కొట్టి, కాఫీ కలుపుకుని, ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. 6 వరకూ కౌంటర్ దగ్గరకు రారు. ఆ 7 నిమిషాలు పని ఎలా అవుతుంది? ఇంకొకరు 6:06కి వస్తే 6:00 కింద జమ చేస్తున్నాను, ఒక్క పైసా కొయ్యను. అటూ ఇటూ కలిపితే సరిపోతుంది. రూల్ చెప్పేదీ అదే: అయిదు నిమిషాలకో, గంటలో పదో వంతుకో, పావుగంటకో సర్దుకోవచ్చు, కాలక్రమంలో పనివాళ్లకు పూర్తి జీతం అందితే చాలు. 2016లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టుకి (ఫెడరల్ అప్పీల్ కోర్టు) ఒక కాల్ సెంటర్ ఉద్యోగి కేసు వెళ్లింది. ఏడాదికి పైగా రౌండింగ్‌లో ఆయన పోగొట్టుకున్నది మొత్తం 15 డాలర్ల 2 సెంట్లు. కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. అందరికీ ఒకే రూల్ పెట్టినప్పుడు ఒకరికి పది తగ్గుతుంది, ఇంకొకరికి పది పెరుగుతుంది. దీన్ని మోసం అనకండి.

నైట్_షిఫ్ట్_నర్సు:
అన్నా, "అటూ ఇటూ సరిపోతుంది" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. నా షిఫ్ట్ రాత్రి 7 నుంచి ఉదయం 7:30 వరకు. 7 దాటి ఒక్క నిమిషం అయినా లేట్ మార్క్ పడుతుంది. అలాంటివి కొన్ని పోగైతే వార్నింగ్ లెటర్. ఇక ఆలస్యంగా వచ్చేదెవరు? అందరం 6:53కే పంచ్ కొడతాం, అది 7:00 అవుతుంది. ఉదయం వచ్చే నర్సుకి ఒక్కో పేషెంట్ గురించి చెప్పి అప్పజెప్పేసరికి 7:37. అది 7:30 అవుతుంది. రోజుకు 14 నిమిషాలు, వారానికి మూడు షిఫ్టులకు 42. ఏడాదిలో 50 వారాలు చేస్తే 2100 నిమిషాలు, అంటే 35 గంటలు. ఇంచుమించు ఒక వారం జీతం.

మీరు 6:06ని 6:00 చేస్తున్నారు, మంచిదే. మా దగ్గర అలా కలిసొచ్చే నిమిషాలన్నిటికీ లేట్ రూల్ అడ్డం ఉంది. పోయే నిమిషాలకు మాత్రం దారి తెరిచే ఉంది. చిన్నప్పుడు మా ఊళ్లో బియ్యం కొంటే కొట్టాయన తూకం అయ్యాక పైన ఒక గుప్పెడు కొసరు వేసేవాడు. ఇక్కడ ఆ కొసరు ప్రతి రాత్రీ నా గంటల్లోంచి తీస్తున్నారు.

పేరోల్_న్యూజెర్సీ:
అక్కా, మీరు చెప్పిందే 2023లో ఎనిమిదో సర్క్యూట్ కోర్టు ముందుకు వచ్చింది. అదీ ఆసుపత్రి కేసే. షిఫ్ట్ టైమ్‌కి ఆరు నిమిషాల లోపు ఉన్న పంచ్‌లను షిఫ్ట్ టైమ్‌కే సర్దేవారు. కాగితం మీద చూస్తే ఎవరి పక్షమూ కాదు. లెక్క తీస్తే దాదాపు మూడింట రెండు వంతుల మంది నష్టపోయారని తేలింది. ఇది విచారణ లేకుండా కొట్టేసే కేసు కాదని కింది కోర్టుకు వెనక్కి పంపారు. అంటే రూల్ ఎలా రాశారన్న దానితో సరిపోదు, లెక్క ఎటు మొగ్గిందో కూడా చూడాలి.

పాత_కేసుల_పిచ్చి:
ఇది కొత్త గొడవేం కాదు. మిషిగన్‌లోని మౌంట్ క్లెమెన్స్ కుండల ఫ్యాక్టరీ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1946లో. అక్కడ వచ్చినప్పుడు తరవాతి పావుగంట నుంచి, వెళ్లేటప్పుడు ముందరి పావుగంట వరకే లెక్క. తీర్పులో ఒక ఉదాహరణ ఉంది. 6:46కి లోపలికి, 12:14కి బయటికి, మళ్లీ 12:46కి లోపలికి, 4:14కి బయటికి. జీతం మాత్రం ఎనిమిది గంటలకే, గడియారం చూపించే దానికంటే 56 నిమిషాలు తక్కువ. గడియారంలో పడ్డ ప్రతి నిమిషమూ పనే అని కోర్టు కూడా అనలేదు, ఆ మాట డాలస్ అన్న వైపు వేసుకోవచ్చు. అప్పట్లో కార్డులు చేత్తో కూడాలి కాబట్టి పావుగంటలకు సర్దితే గుమాస్తాకు పని తేలిక. ఇప్పుడు కూడేది కంప్యూటర్. 7:00, 6:53 దానికి రెండూ ఒకటే. అందుకే కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు 2022లో హోమ్ డిపో (ఇంటి సామాన్ల దుకాణాల కంపెనీ) కేసులో, కచ్చితమైన నిమిషాలు రికార్డు అవుతున్నప్పుడు అన్ని నిమిషాలకూ కట్టాల్సిందే అంది. అక్కడ పిటిషనర్‌కి నాలుగున్నరేళ్లలో పోయింది 470 నిమిషాలు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాన్ని సమీక్షకు తీసుకుంది.

ఎం_ఎస్_స్టూడెంట్:
నాది తిరగబడిన సమస్య. క్యాంపస్ డైనింగ్‌లో చేస్తాను. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు దాటకూడదు. పోయిన నెల ఒక వారం నేను చేసింది 19 గంటల 5 నిమిషాలు. ప్రతి పంచ్ నాకు లాభంగానే సర్దుకుని, ఒక్కో షిఫ్ట్‌కి 14 నిమిషాలు కలిసి, రికార్డులో 20:15 పడింది. మేనేజర్‌తో చెప్పి సరిచేయించుకునే వరకూ టెన్షన్‌తో నిద్ర లేదు. ఆ ఎక్కువ పడ్డ నిమిషాల డబ్బు నాకు అక్కర్లేదు. నేను చేసింది చేసినట్టు రాస్తే చాలు.

హెచ్‌ఆర్_హైదరాబాద్:
మన దగ్గర రౌండింగ్ పేరు వినపడదు. "నెలలో మూడు లేట్లు, సగం రోజు కట్" అన్న రూపంలో ఉంటుంది. పది నిమిషాల చొప్పున మూడుసార్లు, అంటే అరగంటకు నాలుగు గంటల జీతం. 2025 నవంబర్ వరకూ అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం తొమ్మిదో సెక్షన్ చూడండి. రాని సమయానికి జీతం కొయ్యవచ్చు, కానీ ఆ కోత రాని సమయం నిష్పత్తిని మించకూడదు అని అందులో ఉండేది. చాలామంది హెచ్‌ఆర్ వాళ్లే ఆ వాక్యం చదవలేదు. సర్దుబాటు పనివాడి వైపు కూడా ఉండొచ్చు. 2020లో కేంద్రం విడుదల చేసిన ముసాయిదా నియమాల్లో, ఓవర్‌టైమ్ 15 నుంచి 30 నిమిషాల మధ్య ఉంటే అరగంటగా లెక్కించాలని రాశారు.

స్టోర్_ఓనర్_డాలస్:
నర్సు చెల్లెమ్మా, లేట్ మార్క్ సంగతి నాకు తట్టలేదు. మా దగ్గర లేట్ మార్కులు లేవు కాబట్టి మాది వేరు అంటాను. అయినా 5:53 ఆయన సంగతి ఎవరూ చెప్పలేదు.

పేరోల్_న్యూజెర్సీ:
షిఫ్ట్‌కి అయిదు నిమిషాల ముందు వరకూ పంచ్ తీసుకోకుండా సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవచ్చు అన్నా. ముందే పని చెప్పకూడదు, అంతే. ఒకవేళ చెప్తే కట్టాల్సిందే.

నేను చేసింది చెబుతాను. పోయిన రెండు పే పీరియడ్ల (జీతం లెక్కేసే గడువుల) పంచ్‌లు తీసి, రౌండింగ్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని పక్కపక్కన పెట్టాను. 14 మందిలో పది మందికి తగ్గింది, ముగ్గురికి పెరిగింది, ఒకరికి సమానం. బాగా తగ్గింది పొద్దున స్నానాలు చేయించే ఇద్దరు ఆడవాళ్లకు. బస్సు 6:40కే దింపేస్తుంది కాబట్టి వాళ్లు రోజూ ముందే వచ్చి పని అందుకుంటారు. ఓనరు గారు ఆ ఇద్దరి లైన్ల మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. రౌండింగ్ వద్దు, నిమిషం నిమిషం లెక్కే వేయమన్నారు.

భోజనానికి అరగంట తిన్నా తినకపోయినా ఆటోమేటిక్‌గా కట్ అవుతోంది. దాని మాట ఇంకా ఎత్తలేదు. సోమవారం అడుగుతాను.