సెప్టెంబర్ 11 జరగకపోతే బుష్ ఇరాక్ జోలికి వెళ్లేవాడా?

గోదావరి గట్టు:
మా తమ్ముడితో రెండు రోజులుగా తెగని వాదన ఇది, అందుకే ఇక్కడ పెడుతున్నాను. 2000 అక్టోబర్‌లో అధ్యక్ష ఎన్నికల ప్రత్యర్థి అల్ గోర్‌తో జరిగిన డిబేట్‌లో జార్జ్ బుష్ ఏమన్నాడు? అమెరికా వినయంగా ఉంటేనే ప్రపంచం గౌరవిస్తుంది, వేరే దేశాలను నిర్మించి పెట్టడం మన సైన్యం పని కాదు అన్నాడు. రెండున్నరేళ్లు తిరిగేసరికి అదే మనిషి బాగ్దాద్ మీద బాంబులు వేయించాడు. మధ్యలో జరిగింది 2001 సెప్టెంబర్ 11 ఉగ్రదాడి, దాదాపు 3 వేల మంది చావు. ఉగ్రవాదమే ఆయన విదేశాంగ విధానాన్ని తలకిందులు చేసిందంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

డాలస్ తెలుగు:
నేను మీ పక్షమే. అప్పుడు ఇక్కడే ఉన్నాను. రెండు రోజులు ఆకాశంలో ప్రయాణికుల విమానం చప్పుడే లేదు. ఆ వెంటనే ఉత్తరాల్లో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక బ్యాక్టీరియా పొడి వచ్చింది, ఐదుగురు పోయారు. మా ఆవిడ పోస్టు తేవడానికి చేతికి ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని వెళ్లేది. కరెంటు బిల్లు కవరు చింపాలన్నా టెన్షనే. మాకే అలా ఉంటే, రోజూ పొద్దున్నే ముప్పుల చిట్టా చదివే ప్రెసిడెంట్ పరిస్థితి ఏమిటి? ఆ భయాన్ని పక్కన పెట్టి ఆ విధానాన్ని అంచనా వేయడం అన్యాయం.

ఓరుగల్లు:
భయం నిజమే అండీ, ఎవరూ కాదనరు. కానీ దాన్ని ఇరాక్ వైపు మళ్లించింది ఎవరు? ఇరాక్ పాలకుడు సద్దాంను దించడం అమెరికా విధానమని 1998లోనే చట్టం వచ్చింది, సంతకం పెట్టింది క్లింటన్. 2001 సెప్టెంబర్ 15న, దాడి జరిగిన నాలుగో రోజునే, అధ్యక్షుడి విడిది క్యాంప్ డేవిడ్‌లో జరిగిన సమావేశంలో రక్షణ శాఖ ఉపమంత్రి వోల్ఫోవిట్జ్ ఇరాక్ మాట ఎత్తాడు. ముందు ఆ దాడి చేసిన అల్ ఖైదా ఉన్న ఆఫ్ఘనిస్తాన్ అని బుష్ దాన్ని అప్పటికి వాయిదా వేశాడు, అంతే.

అసలు తిరకాసు సిద్ధాంతంలో ఉంది. 2002 జూన్ 1న వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో బుష్ ప్రసంగం, సెప్టెంబర్‌లో జాతీయ భద్రతా వ్యూహ పత్రం, రెండూ ముందస్తు దాడి గురించే మాట్లాడాయి. మన మీదికి కర్ర ఎత్తినవాడి చెయ్యి పట్టుకుంటే తప్పు లేదు. వీడు రేపెప్పుడో కర్ర కొంటాడేమోనని ఇవాళే ఇంటి మీదికెళ్లి కొడితే? మొదటిదాన్ని లోకం ఎప్పటినుంచో ఆత్మరక్షణగా ఒప్పుకుంటోంది. బుష్ ప్రభుత్వం ఆ పేరుతోనే రెండోది చేసింది. చివరికి సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరకలేదు. సద్దాంకూ అల్ ఖైదాకూ కలిసి పనిచేసిన సంబంధం కనబడలేదని సెప్టెంబర్ 11 విచారణ కమిషనే చెప్పింది. లక్షల మంది ఇరాకీల బతుకులు ఆ మాటల మార్పు కింద నలిగిపోయాయి. నాకు ఇది క్షమించరాని విషయం.

లా స్టూడెంట్:
ఇరాక్ కంటే ఎక్కువ కాలం నిలిచింది ఇంకోటి ఉంది. 2001 సెప్టెంబర్ 14న కాంగ్రెస్ ఇచ్చిన సైనిక బలప్రయోగ అనుమతి. ఎక్కడ, ఎప్పటివరకు అన్న హద్దు లేదు. తర్వాతి ప్రెసిడెంట్లు కూడా దాన్నే వాడుకున్నారు. దిగువ సభలో 420 మంది ఔనంటే కాదన్నది ఒక్క బార్బరా లీ. మనం అసహ్యించుకునే దుర్మార్గంగా మనమే మారకూడదని ఆవిడ గొంతు వణుకుతూ చెప్పింది. ఆ తర్వాత ఆవిడకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి.

గోదావరి గట్టు:
ఓరుగల్లు గారూ, కర్ర పోలిక బాగుంది, ఇరాక్ దగ్గర నేను కొంత తగ్గుతాను. ఆ సిద్ధాంతం మన దాకా కూడా వచ్చింది. ముందస్తు దాడికి ఇరాక్ మీద అమెరికాకున్న కారణాల కంటే పాకిస్తాన్ మీద మనకే బలమైన కారణాలున్నాయని 2003 ఏప్రిల్‌లో మన విదేశాంగ మంత్రి యశ్వంత్ సిన్హా అన్నారు. అమెరికా ఆ పోలిక ఒప్పుకోలేదు. ఇరాక్‌కు సైన్యం పంపమని అడిగితే ఆ జూలైలో వాజ్‌పేయి ప్రభుత్వం కుదరదంది.

కానీ ఆఫ్ఘనిస్తాన్ సంగతి మీరు ముట్టుకోలేదు. దేశ నిర్మాణం వద్దన్న మనిషి హయాంలోనే అక్కడ 2004లో కొత్త రాజ్యాంగం, అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. ఆ పని మీద అమెరికా ఇరవై ఏళ్లు ఉండిపోయింది. 1998 నాటి చట్టంలో ఆఫ్ఘనిస్తాన్ ఊసే లేదు కదా, మరి దాన్ని ఎవరి పాత ప్లాన్ అంటారు?