అప్‌డేట్: కల్లు మానేసిన మా చిన్నాన్న ఎలా ఉన్నాడంటే

కల్లు మానేయగానే చిన్నాన్నకు చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, ఏదేదో మాట్లాడుతున్నాడు, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడే మిమ్మల్ని అడిగాను కదా. ఊళ్లో అందరూ ‘రెండు సీసాలు తాగించండి, సర్దుకుంటాడు’ అన్నారు. మీరు మాత్రం వెంటనే ఆస్పత్రికే తీసుకెళ్లమన్నారు. తీసుకెళ్లాం. అప్పటికే దుప్పటి మీద లేని దారాలు ఏరుతున్నాడు. దారిలో ఫిట్స్ వచ్చాయి.

డాక్టర్ చెప్పింది విన్నాక కడుపు మండిపోయింది. చిన్నాన్న ఇన్నేళ్లూ తాగింది చెట్టు కల్లు కాదు, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందు కలిపిన కల్తీ సరుకు. మెదడు దానికి అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, భ్రమలు వస్తాయి, ప్రాణం మీదకీ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడితే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం పోటెత్తడానికి ఇదీ ఒక కారణమే. ఇప్పుడు అదే రకం మందును డాక్టర్లే ఇస్తూ, డోసు మెల్లమెల్లగా తగ్గిస్తున్నారు.

నిద్ర పడుతోంది. చాయ్ గ్లాసు ఒలకకుండా పట్టుకుంటున్నాడు. కానీ పొద్దుగూకితే మనసు అటే లాగుతోందంటాడు, చిన్నమ్మకు ఆ వేళంతా టెన్షనే.

మీ ఇంట్లో ఎవరైనా మానేస్తానంటే దయచేసి ఇంట్లోనే టక్కున ఆపించకండి. ముందు డాక్టర్‌కు చూపించండి, లేదా 14446కు ఫోన్ చేయండి. అది మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం.