అన్నది జరిగిపోతోంది, భయమేస్తోంది

ప్రశ్న: ఇంటర్ ఫస్టియర్. నా నాలుక మీద నల్ల మచ్చ ఉంది, నోట్లోంచి ఏదొస్తే అది జరుగుతుందని మా అమ్మమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. పోయిన నెల బైక్ కోసం గొడవై అన్నయ్యని "పడి చావు" అనేశా, సాయంత్రానికే స్కిడ్ అయి కాలు విరిగింది. ఇప్పుడు కోపమొస్తే నోరు మూసుకుని అంకెలు లెక్కపెడుతున్నా, అయినా మనసులో ఏదో చెడు మెదులుతుంది, అదీ జరుగుతుందేమోనని నిద్ర పట్టట్లేదు.

జవాబు: తథాస్తు దేవతలు అంత ఖాళీగా ఉంటే ఎంసెట్ ర్యాంకులు అందరికీ వచ్చేవి తమ్ముడూ. ఉత్తుత్తిగా పోయిన తిట్లు ఎన్నో గుర్తున్నాయా?

జవాబు: జోక్ సరే గానీ, ఆ కుర్రాడి బాధ నిజం. మచ్చ అంటే మామూలుగా మెలనిన్ (ఒంటికి రంగునిచ్చే పదార్థం), అంతే. అనుకుంటే జరిగిపోతుందన్న నమ్మకాన్ని సైకాలజీలో థాట్ యాక్షన్ ఫ్యూజన్ అంటారు, ఓసీడీలో, అంటే వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ వెంటాడే మానసిక సమస్యలో, బాగా కనిపిస్తుంది (నీకుందని అనట్లేదు). ఆలోచనని తొక్కిపెట్టే కొద్దీ అది ఇంకా తన్నుకొస్తుంది. నిద్ర పట్టట్లేదంటే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చెయ్యి, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న అడిగినవారు: అన్నయ్యకి చెప్పేశా. "ఇసుకలో బ్రేక్ కొట్టింది నేనురా, క్రెడిట్ నీకెందుకు" అన్నాడు. రేపు ఫోన్ చేస్తా. అమ్మమ్మకి ఎవరు చెప్తారో మరి.