వార్డు సభలో ముట్టుకునే నమూనా, ఫోన్‌లో ఏఆర్: జనానికి పనికొస్తాయా?

ప్లాన్‌గీత:
మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరాలు అడిగేటప్పుడు గోడకు మ్యాప్ అంటించి వదిలేస్తున్నారు. దాని బదులు వార్డును త్రీడీ ప్రింట్ చేసి బల్ల మీద పెట్టాలంటాను. కార్బన్ కలిపిన ప్లాస్టిక్‌తో అచ్చుపోస్తే, వేలు తగలగానే కింద ఉన్న చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు పసిగడుతుంది. ఫోన్ కెమెరా పెట్టి చూస్తే అక్కడ రాబోయే ఫ్లైఓవర్, దాని నీడ నమూనా మీదే కనిపిస్తాయి; ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) అంటే ఇదే. 2016లో జర్మనీలోని హాంబర్గ్‌లో శరణార్థుల వసతికి స్థలాలు వెతకాల్సి వస్తే, జనాన్ని పిలిచి లెగో ఆట ఇటుకల బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. మన దగ్గర ఎందుకు కుదరదు?

మేస్త్రీకొడుకు:
ఖర్చెంత?

గోడమీదగీత:
మ్యాప్‌లో మా రోడ్డు వెడల్పు 60 అడుగులు. కొలతలకు వచ్చినవాళ్లు 80 అన్నారు. మా నాన్న టేపు పట్టుకుని వాళ్ల వెనకే తిరిగారు. గోడ మీద ఎర్రరంగు గీత కొట్టి వెళ్లిపోయారు. మా వైపు 10 అడుగులు, అంటే 3 మీటర్లు, వంటగది మొత్తం పోయింది. 1:500 నమూనాలో, అంటే అసలు కొలతను 500 రెట్లు తగ్గిస్తే, అది 6 మిల్లీమీటర్లు. వేలు పెడితే మా వంటగదేంటి, ఇల్లంతా కనిపించదు.

ప్లాన్‌గీత:
1:200 చేస్తే 15 మిల్లీమీటర్లు అవుతుందండీ. ఫోన్‌లో ఇంకా దగ్గరగా చూడొచ్చు.

గోడమీదగీత:
మా అమ్మకు స్మార్ట్‌ఫోనే లేదు.

తడిమిచూస్తా:
నాకు చూపు లేదు. మ్యాప్ ముందు అందరూ మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడటమే నా పని. నమూనా తడిమితే, వేలు పెట్టిన చోటు పేరు వినిపిస్తే, మా వీధి మలుపు నాకూ తెలుస్తుంది. ఏఆర్ తీసేసినా సరే, టచ్ మాత్రం ఉంచండి.

మేస్త్రీకొడుకు:
ఖర్చు సంగతి ఎవరూ చెప్పరేం?

ప్లాన్‌గీత:
పదేళ్లుగా మ్యాపులు గీస్తున్నాను. సభ పెడితే పట్టుమని పదిమంది రారు. ఇల్లు పోయాక మమ్మల్ని తిడతారు!

గోడమీదగీత:
రాలేదా? మా నాన్న మూడుసార్లు వచ్చారు. రాసిచ్చిన కాగితానికి రసీదు లేదు, జవాబూ లేదు. మీ నమూనాలో రోడ్డును ముట్టుకోనిస్తారు సరే, పక్కకు జరపనిస్తారా? జరిపితే ఎవరు రాసుకుంటారు?

ప్లాన్‌గీత:
మీ నాన్నగారి సంగతి తెలియక అనేశాను, క్షమించండి. హాంబర్గ్‌లో జనం చూపించిన స్థలాలను రాసుకుని అధికారుల పరిశీలనకు పంపారు. ఎక్కడ ముట్టుకున్నారో, ఏం మార్చమన్నారో మన బోర్డుతోనూ నమోదు చేయించొచ్చు. ఆ కాగితం మీ చేతికి ఇవ్వకపోతే ఈ నమూనా పెట్టొద్దని నేనే అంటాను.

గోడమీదగీత:
దాని మీద తేదీ, ముద్ర ఉండాలి. ఉంటే మా నాన్నను నేనే తీసుకొస్తాను.