రేడియేషన్ అయ్యాక మగత, చిరాకు: దేనివల్ల?

ప్రశ్న
మెదడు ట్యూమర్‌కి ఆపరేషన్, ఆరు వారాల రేడియేషన్ అయిపోయి నెలన్నర. స్కాన్ బాగుందన్నారు. మనిషి మాత్రం పగలంతా మగతగా ఉంటారు, పలకరిస్తే కసురుకుంటారు, చెప్తున్న మాట మధ్యలో వదిలేస్తారు. ఫిట్స్ రాకుండా లెవెటిరాసిటామ్ నడుస్తోంది, మెదడు వాపుకిచ్చే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ తగ్గిస్తున్నారు. ఇది డిప్రెషనా, మందుల వల్లా? డాక్టర్‌ని ఏం అడగాలి?

జవాబు 1
ముందు తేదీలు వేసుకోండి: రేడియేషన్ ఎప్పుడు ముగిసింది, ఏ మందు ఎప్పుడు మారింది, ఏ మార్పు ఎప్పుడు కనిపించింది. రేడియేషన్ ముగిసిన 4–6 వారాలకి మగత ముంచుకొచ్చి, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గడం తెలిసిన విషయమే. నెలలు, ఏళ్లు గడిచాక మెల్లగా ముదిరే మతిమరుపు వేరు. మీ లెక్క మొదటిదానికే సరిపోతోంది. అయితే ఫిట్స్, పెరిగే తలనొప్పి, వాంతులు, ఒకపక్క పట్టు తప్పడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జవాబు 2
కసురుకోవడానికి మాత్రం నా అనుమానం లెవెటిరాసిటామ్ మీదే. డోసు మొదలుపెట్టాక లేదా పెంచాక చిరాకు వచ్చిందా చూడండి. సొంతంగా ఆపొద్దు, ఫిట్స్ తిరగబెడతాయి. లాకోసమైడ్ లాంటి మరో ఫిట్స్ మందుకి మార్చొచ్చేమో అడగండి.

డెక్సామెథసోన్‌తో రెండు రకాల తిప్పలు. సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదు. అందుకే రోజుకి రెండు డోసులైతే రెండోది మధ్యాహ్నానికే ముగించమంటారు. వారాల తరబడి వాడితే తొడ కండరాలు కరుగుతాయి. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవలేకపోతే అది బద్ధకం కాదు, ఫిజియోథెరపీ కావాలి. మరీ త్వరగా తగ్గిస్తే శరీరం తన సొంత స్టెరాయిడ్ హార్మోన్ అయిన కార్టిసాల్‌ని సరిపడా తయారుచేసుకోలేక నీరసం, వికారం, నిలబడగానే కళ్లు తిరగడం వస్తాయి. అప్పుడు వెంటనే ఫోన్ చేయాలి.

జవాబు 3
డిప్రెషనా అన్నదానికి: బాధ, ఏడుపు, అపరాధ భావం ఉన్నాయా అడగండి. అవేమీ లేకుండా, చెప్తే చేస్తూ, చెప్పకపోతే అలాగే కూర్చుంటే అది చొరవ పోవడం; ముందు భాగపు మెదడు దెబ్బతింటే ఎక్కువ. దానికి ఉపన్యాసాలు పనిచేయవు. గోడ మీద టైం టేబుల్, ఫోన్‌లో అలారం, ఒకసారి ఒకే పని పనిచేస్తాయి. డిప్రెషన్‌కి మందు రాస్తుంటే ఫిట్స్ సంగతి చెప్పండి, బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందు వాటిని పెంచగలదు. ఆలోచన మందగించడం జ్ఞాపకం, ఆలోచన చూసే 30 మార్కుల చిన్న మోకా (MoCA) పరీక్షలో చాలాసార్లు దొరకదు. జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన వేగం విడివిడిగా కొలిచే పూర్తి న్యూరోసైకాలజీ పరీక్ష అడగండి, కొన్ని గంటలు పడుతుంది.

అడిగినవారు
థైరాయిడ్ చూశారు, టీఎస్‌హెచ్ నార్మల్. దాన్ని వదిలేయొచ్చా?

జవాబు 2
వదలొద్దు. థైరాయిడ్‌ని నడిపే టీఎస్‌హెచ్‌ని మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి విడుదల చేస్తుంది. ఆ గ్రంథికి రేడియేషన్ తగిలితే టీఎస్‌హెచ్ నార్మల్‌గా కనిపిస్తూనే థైరాయిడ్ తగ్గొచ్చు. ఇప్పుడు కాకపోయినా ఏళ్ల తర్వాతైనా రావచ్చు కాబట్టి మళ్లీ మళ్లీ చూడాలి. రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌నే కొలిచే ఫ్రీ టీ4 చేయించండి, ఉదయం డెక్సామెథసోన్ డోసుకి ముందు కార్టిసాల్ కూడా. రెండూ తక్కువైతే కార్టిసాల్ లోటు ముందు సరిచేసి, థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ ఆ తర్వాతే మొదలుపెడతారు.