రొయ్యల కొనుగోలు సాఫ్ట్‌వేర్: లారావెల్ వదిలి మైక్రోసర్వీసులకు మారాలా?

గట్టుమీద_కోడ్ (భీమవరం):
రొయ్యలు కొనే సంస్థల కోసం మేము ముగ్గురం లారావెల్ (పీహెచ్‌పీ భాషలో వెబ్ సాఫ్ట్‌వేర్ రాయడానికి వాడే చట్రం), మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసుతో ఒక సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాము. చెరువు గట్టున తూకం, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), రేటు ఫోనులో ఎక్కిస్తే రైతు పట్టీ (లెక్క చీటీ) వెంటనే తయారవుతుంది. 4 సంస్థలతో మొదలుపెట్టాము, ఇప్పుడు 60 ఉన్నాయి. పట్టుబడులు (చెరువుల్లో రొయ్యలు పట్టడం) ముమ్మరంగా సాగే రోజుల్లో తెల్లవారుజామున 4 నుంచి 7 వరకు సర్వరు మొరాయిస్తోంది. అంతా గో అనే ప్రోగ్రామింగ్ భాషలో మైక్రోసర్వీసులుగా (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా) తిరగరాసి, వాటిని అనేక సర్వర్ల మీద నడిపించే కుబర్నెటీస్ మీద పెట్టాలని మా భాగస్వామి పట్టుబడుతున్నారు. మీ అభిప్రాయం చెప్పగలరు.

కోనసీమ_క్లౌడ్ (అమలాపురం):
మీ భాగస్వామి మాటే నాకు సబబుగా తోస్తోంది. మామూలు పీహెచ్‌పీ అమరికలో ప్రతి అభ్యర్థనకూ లారావెల్ మొదటి నుంచి సిద్ధం కావాలి. గో ప్రోగ్రాం ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, పైగా వేల గోరుటీన్లను (ఒకేసారి సాగే చిన్న పనులను) తక్కువ మెమరీతో నడుపుతుంది. రద్దీ ఆ మూడు గంటలే కనుక, అప్పుడు సర్వర్లు పెరిగి తరవాత తగ్గే ఏర్పాటు ఉంటే ఖర్చూ కలిసివస్తుంది. 200 సంస్థలయ్యాక తిరగరాయడం కంటే ఇప్పుడే తేలిక.

దాళ్వా_లెక్కలు (తాడేపల్లిగూడెం):
అమలాపురం వారితో నేను ఏకీభవించలేనండి. ముందు సర్వరు మీద పడే బరువెంతో చూద్దాం. 60 సంస్థలకు పదేసి ఫోన్లు, ఒక్కో ఫోనులో అర నిమిషానికొక తూకం అనుకున్నా సెకనుకు 20 నమోదులే. సరిగ్గా రాసిన డేటాబేసుకు ఇది లెక్కలోకి రాదు.

నేను రైసు మిల్లుల సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను. కిందటి దాళ్వా కొనుగోళ్లలో మాకూ ఇదే గతి పట్టింది, నేనూ మొదట భాషనే తిట్టుకున్నాను. స్లో క్వెరీ లాగ్ (డేటాబేసులో ఆలస్యమైన ప్రశ్నల చిట్టా) తెరిచి, అందులోని క్వెరీకి ఎక్స్‌ప్లెయిన్ (డేటాబేసు ఆ ప్రశ్నకు జవాబు ఎలా వెతుకుతోందో చూపే ఆదేశం) పెట్టి చూస్తే, ఒక్క రైతు బాకీ చూపడానికి 12 లక్షల వరుసలనూ చదువుతోంది. ఇండెక్సు (పుస్తకం చివరి సూచికలా, కావలసిన వరుసను త్వరగా చూపేది) తేదీ మీద మాత్రమే ఉంది. సంస్థ, రైతు, తేదీ అనే క్రమంలో మరొకటి వేయగానే 8 సెకన్ల పని కనురెప్పపాటులో ముగిసింది. గోలో తిరగరాసి ఉంటే ఆ 8 సెకన్లూ గో ప్రోగ్రామే కాచుకుని కూర్చునేది.

సర్వర్లను పెంచడంలో ఇంకో చిక్కుంది. మైఎస్‌క్యూఎల్ మనం మార్చకపోతే ఒకేసారి 151 కనెక్షన్లనే అనుమతిస్తుంది. పెరిగిన ప్రతి సర్వరూ తన కనెక్షన్లు తాను తెరుస్తుంది కనుక, క్లౌడ్ బిల్లుతో పాటు డేటాబేసు ముందు క్యూ కూడా పెరుగుతుంది. పట్టీ పీడీఎఫ్ తయారీని, ఎస్సెమ్మెస్‌లను వెనక నడిచే క్యూకి (రైతును ఆపకుండా ఒక్కొక్కటిగా తరవాత చేసే పనుల వరుసకి) అప్పగించండి. వికీపీడియా నడిచేది పీహెచ్‌పీ మీదే. 2023లో ప్రైమ్ వీడియో ఇంజనీర్లు తమ వీడియో నాణ్యత పర్యవేక్షణ వ్యవస్థను విడివిడి సర్వీసుల ముక్కల నుంచి ఒకే ప్రోగ్రాంగా మార్చి, ఖర్చు 90 శాతం తగ్గిందని రాశారు.

కోనసీమ_క్లౌడ్:
ఇండెక్సు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒక్కటే సర్వరు ఉండి అది తెల్లవారుజామున పడిపోతే, ఐసులో పెట్టిన సరుకుతో లారీ గట్టు మీదే ఆగిపోతుంది కదా?

దాళ్వా_లెక్కలు:
అది న్యాయమైన మాట. లోడ్ బ్యాలెన్సరు (వచ్చే పనిని సర్వర్లకు పంచేది) వెనక రెండు సర్వర్లు, డేటాబేసుకు ఒక రెప్లికా (అసలు దాన్ని అనుసరించే నకలు) పెట్టుకోవాలి. అయితే రెప్లికా కొన్నిసార్లు వెనకబడుతుంది కనుక, చెల్లింపు చేసిన మరుక్షణం బాకీని దాని నుంచి చదివి రైతుకు చూపకండి.

గట్టుమీద_కోడ్:
లాగ్ చూశామండి. మాదీ ఇండెక్సు లోపమే. దానితో పాటు మరొకటి బయటపడింది: గట్టు మీద సిగ్నల్ తెగినప్పుడల్లా ఫోను అదే తూకాన్ని మళ్లీ పంపడంతో, ఒకే ట్రే మూడుసార్లు ఎక్కింది. ఇకపై తూకం వేసినప్పుడే ఫోనులో ఒక గుర్తింపు సంఖ్య పుట్టించి, పట్టికలో దానికి యూనిక్ కీ (ఒకే సంఖ్య రెండోసారి ఎక్కకుండా ఆపే నియమం) పెడుతున్నాము. తిరగరాసే పని వాయిదా వేశాము, భాగస్వామి మాత్రం ఇంకా అలిగే ఉన్నారు.